పల్లె చర్చి పెట్టెలో దొరికే మనుషులు

ఒక పసిబిడ్డకు 1720 డిసెంబరులో బాప్తిస్మం ఇచ్చినట్టు చర్చి రిజిస్టరులో ఉంటుంది. కొన్ని వరుసలు కిందికి దిగితే అదే బిడ్డను 1720 ఫిబ్రవరిలో సమాధి చేసినట్టు ఉంటుంది. పుట్టకముందే ఎలా చనిపోయింది? ఇంగ్లండ్ పల్లెల రికార్డుల్లో వంశచరిత్ర వెతకడం మొదలుపెట్టినవారు తరచు ఇలాంటి చోటే తడబడతారు. ఒకే పేరుగల ఇద్దరు బిడ్డలని కొందరు అనుకుంటారు. రాసినవాడు పొరపడ్డాడని తేల్చి, తేదీని తామే దిద్దుకుంటారు మరికొందరు.

నిజానికి అక్కడ పొరపాటేమీ లేదు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మారేది మార్చి 25న. ఉగాదితో ఏడాది మారడం తెలిసిన మనకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. 1720 డిసెంబరు తర్వాత వచ్చిన జనవరి, ఫిబ్రవరి నెలలు కూడా వారి లెక్కలో 1720లోనివే. మనం 1721 ఫిబ్రవరి అనేది వారికి 1720 ఫిబ్రవరి. అందుకే అనుభవమున్న పరిశోధకులు జనవరి 1 నుంచి మార్చి 24 దాకా వచ్చే తేదీలను 1720/21 అని రెండు అంకెలతో రాసుకుంటారు. ఆ పద్ధతి మార్చడానికి 1751ని డిసెంబరు 31తోనే ముగించేశారు. 1752లో సెప్టెంబరు 2 మరునాడు సెప్టెంబరు 14 వచ్చింది. ఆ మధ్య పదకొండు తేదీలూ ఏ ఊరి పుస్తకంలోనూ కనిపించవు.

ఈ చిక్కు చిన్నదే, ఒకసారి తెలిస్తే మళ్లీ బాధించదు. కానీ ఇందులో ఉన్న పాఠం మొత్తం పనికి వర్తిస్తుంది. ఇలాంటి పుస్తకాలను భద్రపరిచిన చర్చి పెట్టెలోని ప్రతి కాగితాన్నీ ఎవరో ఒకరు తమ అవసరం కోసం రాయించారు. రెండు మూడు వందల ఏళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చే మునిమనవల కోసం రాసినది అందులో ఒక్కటీ లేదు. ఏ కాగితాన్ని ఎవరు, ఏ లాభం చూసుకుని రాయించారో తెలిస్తేనే అందులో ఏది నమ్మవచ్చో, ఏది అడగకూడదో తెలుస్తుంది.

ముందు పారిష్ అంటే ఏమిటో చూద్దాం. తెలుగు కథోలికులు దీన్ని ‘విచారణ’ అంటారు. ఒక చర్చి, ఆ చర్చి పరిధిలోని ఊరు, చుట్టుపక్కల పొలాలు, వాడలు కలిస్తే ఒక పారిష్. ఇంగ్లండ్‌లో అది మతపరమైన హద్దు మాత్రమే కాదు. పన్ను వసూలు, దారుల మరమ్మతు, పేదల పోషణ అన్నీ ఆ హద్దుల లోపలే సాగేవి. మన కరణం దస్తరానికీ, గుడి దస్తరానికీ అక్కడ ఒకటే పెట్టె.

ఆ పెట్టె కథ 1538లో మొదలవుతుంది. ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర చక్రం తిప్పిన థామస్ క్రామ్‌వెల్ ఆ ఏడాది సెప్టెంబరులో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ప్రతి పారిష్‌లోనూ ఒక పుస్తకం ఉండాలి. వారం వారం జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు ఆదివారం నాడు, చర్చి వ్యవహారాలు చూసే ఊరి పెద్దలైన చర్చివార్డెన్ల ఎదుట అందులో రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాలున్న పెట్టెలో ఉంచాలి. ఒక తాళంచెవి పాదిరి దగ్గర, రెండోది వార్డెన్ల దగ్గర. రాయకపోతే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. ఇదంతా కొత్త పన్నుకు నాంది అని జనం భయపడ్డారు. ఆ భయం ఒకటిన్నర శతాబ్దం తర్వాత నిజమైంది కూడా. ఫ్రాన్సుతో యుద్ధానికి డబ్బు కావలసి 1695 నుంచి పుట్టుకకు, పెళ్లికి, చావుకు కొన్నేళ్లపాటు సుంకం వేశారు.

తొలినాటి పుస్తకాలు చాలావరకు మామూలు కాగితాలవి. చెమ్మకు, ఎలుకలకు, నిర్లక్ష్యానికి అవి పోయాయి. అందుకే 1598లో కొత్త నిబంధన వచ్చింది. ఇకపై తోలు పత్రాల మీదే రాయాలి, పాతవన్నీ వాటి మీదికి ఎక్కించాలి, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన నాటి నుంచి ఉన్నవి. ఆ ‘ముఖ్యంగా’ అన్న ఒక్క మాట పట్టుకుని చాలామంది పాదిరులు అంతకుముందరి ఇరవై ఏళ్లను ఎత్తి రాయడం మానేశారు. ఇంగ్లండ్‌లో ఎన్నో ఊళ్ల రిజిస్టర్లు సరిగ్గా 1558లో మొదలవడానికి కారణం ఇదే. ఆ ఊళ్లలో అంతకుముందు మనుషులు లేక కాదు.

దీని అర్థం ఇంకొకటి ఉంది. 1598కి ముందరి వివరాలు మనకు చాలాచోట్ల నకలుగానే దొరుకుతున్నాయి. షేక్స్‌పియర్ బాప్తిస్మం సంగతే తీసుకోండి. స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టరులో 1564 ఏప్రిల్ 26 తేదీన ‘గులియెల్మస్ ఫీలియస్ యోహానెస్ షాక్స్పెరె’ అని లాటిన్‌లో ఉంటుంది. జాన్ కొడుకు విలియం అని దాని భావం. ఆ పుట మీది చేతిరాత 1564 నాటిది కాదు, సుమారు 1600లో ఎవరో కూర్చుని ఎత్తిరాసినది. ఎత్తిరాసేవాడు ఒక వరుస దాటేస్తే ఒక మనిషి చరిత్రలోంచి జారిపోయినట్టే.

అదృష్టవశాత్తు ఆ నిబంధనతోనే ఏటేటా రిజిస్టరుకు ఒక నకలు తీసి బిషప్పుకు పంపే ఆచారం స్థిరపడింది. ఊరి పుస్తకం చెదలు తిన్నా, బిషప్పు దగ్గరి నకలు మిగిలి ఉండవచ్చు. రెండూ ఉన్నచోట రెండూ చూడాలి. ఒకదానిలో లేని పేరో వృత్తో రెండోదానిలో కనిపించడం అరుదేమీ కాదు.

మరో సంగతి. బాప్తిస్మం తేదీ పుట్టినతేదీ కాదు. సాధారణంగా పుట్టిన కొద్ది రోజుల్లో, వారాల్లో ఇచ్చేవారు కానీ, నలుగురు అన్నదమ్ములకు ఒకే రోజు ఇప్పించిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఇంగ్లండ్ అధికారిక చర్చికి దూరంగా ఉన్న క్వేకర్లు, బాప్టిస్టులు వంటివారి బిడ్డలు అసలు ఈ పుస్తకంలోకి రారు. వారి సొంత రిజిస్టర్లు చాలావరకు 1837 తర్వాత ప్రభుత్వానికి చేరాయి, ఇప్పుడు లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. 1642 నుంచి 1660 దాకా అంతర్యుద్ధం, రాజులేని పాలన. ఆ కాలంలో పాదిరులను తరిమేసిన ఊళ్లలో రిజిస్టరు తరచు ఖాళీ. 1653 చట్టం కింద పెళ్లిళ్లు పాదిరి ముందు కాక మేజిస్ట్రేటు ముందు జరిగాయి. ఆ ఇరవై ఏళ్లలో మీ పూర్వీకుల జాడ దొరకకపోతే అది మీ లోపం కాదు.

ఇక అసలు కష్టానికి వద్దాం. రిజిస్టరులో ఉండేది మనుషులు కాదు, సంఘటనలు. ఒక చోట ‘థామస్ కొడుకు జాన్‌కు బాప్తిస్మం’. పాతికేళ్ల తర్వాత ‘జాన్‌కు మేరీతో పెళ్లి’. మరో నలభై ఏళ్లకు ‘జాన్ సమాధి’. ఈ మూడు వరుసల్లోని జాన్ ఒకడేనని రిజిస్టరు ఎక్కడా చెప్పదు. చెప్పేది మనమే. పల్లెల్లో వాడుకలో ఉన్న పేర్లు కొద్ది. మగవారిలో జాన్, విలియం, థామస్. ఆడవారిలో మేరీ, ఎలిజబెత్, ఆన్. ఒక బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవారు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే పేరు రావడం మనకూ అనుభవమే. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు జాన్‌లు ఒకే తరంలో తిరుగుతుంటే ఎవడు ఎవడి తండ్రి?

దీనికి ఒక పద్ధతి కనిపెట్టినవారు జనాభా చరిత్రకారులు. ఫ్రాన్స్‌లో లూయీ ఆన్రీ దానికి రూపమిచ్చాడు. కేంబ్రిడ్జికి చెందిన టోనీ రిగ్లీ దాన్ని ఇంగ్లండ్‌లోని డెవన్ కౌంటీ కాలిటన్ పారిష్‌పై ప్రయోగించి 1966లో ఫలితాలు ప్రచురించాడు. కాలిటన్ రిజిస్టరు 1538 నుంచీ చక్కగా మిగిలింది. ప్రతి పెళ్లికీ ఒక పత్రం తీసి, దాని మీద ఆ జంటకు పుట్టిన పిల్లలు, వారి చావులు, వారి పెళ్లిళ్లు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోవడమే ఆ పద్ధతి. చూడడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. ఫలితం మాత్రం చాలామంది అభిప్రాయాలను తలకిందులు చేసింది. పాతకాలం గనక పదహారో ఏటే పెళ్లిళ్లు అయ్యేవని మనం ఊహించుకుంటాం. కాలిటన్‌లో 1560 నుంచి 1646 మధ్య ఆడవారి తొలి పెళ్లి సగటు వయసు 27 ఏళ్లు. ఆ తర్వాతి డెబ్భై ఏళ్లలో అది దాదాపు 30కి చేరింది. ఒకామె పెళ్లి 1680లో దొరికితే ఆమె బాప్తిస్మాన్ని 1664 దగ్గర కాక 1650 దగ్గర వెతకడం మొదలుపెట్టాలి.

ఆ పద్ధతిలో ఒక నియమం వంశచరిత్ర రాసే ప్రతి ఒక్కరూ గోడ మీద రాసి పెట్టుకోదగినది. ఒక బాప్తిస్మాన్ని మీ పూర్వీకుడిదని తేల్చే ముందు, ఆ బిడ్డ పసితనంలోనే పోలేదని సమాధుల పుటల్లో చూడాలి. ఇంటర్నెట్‌లో ఒకరి వంశవృక్షాన్ని మరొకరు ఎత్తిరాసుకుంటూ పోవడం వల్ల, రెండేళ్లకే కన్నుమూసిన బిడ్డకు పదిమంది సంతానం, ముప్ఫైమంది మనవలు అంటగట్టిన వృక్షాలు కనిపిస్తున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ బిడ్డకు మిగిలిన ఆనవాళ్లు రెండే వరుసలు. రెండో వరుసను చదవకపోవడం అన్యాయం.

పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడన్నట్టే, పేరు కలవనంత మాత్రాన మనిషి వేరవడు. షేక్స్‌పియర్ పెళ్లి దీనికి పేరుమోసిన ఉదాహరణ. 1582 నవంబరు 27న వూస్టర్ బిషప్పు కార్యాలయం రిజిస్టరులో విలియం షేక్స్‌పియర్‌కూ, టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన ఆన్ వేట్లీకీ పెళ్లి అనుమతి అని రాశారు. మరునాటి పూచీకత్తు పత్రంలో వధువు పేరు స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన ఆన్ హాథ్వే. వరుడి పేరు ఒకచోట ‘షాక్స్పెరె’, మరోచోట ‘షాగ్స్పెరె’. ఇద్దరు ఆన్‌ల మధ్య నలిగిన ప్రేమికుడి కథలు దీని మీద ఎన్నో అల్లారు. అదే కార్యాలయంలో ఆ రోజే వేట్లీ ఇంటిపేరుగల ఒక పాదిరి వ్యాజ్యం కూడా నమోదైందని తెలిశాక, గుమాస్తా కలం పొరపాటున ఆ పేరును ఇక్కడికి లాక్కొచ్చిందనడమే పండితుల్లో ఎక్కువమంది మాట. అంత గొప్ప కవి విషయంలోనే ఇలా జరిగితే, పేరు ఎలా రాస్తారో తనకే తెలియని కూలి మనిషి సంగతి చెప్పాలా? పాదిరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఇంటిపేరును పైకి పలికి చూసుకుంటూ వెతకాలి.

కాలం ముందుకు జరిగేకొద్దీ రికార్డు మాటలు పెరుగుతాయి. 1754 మార్చి 25 నుంచి అమలైన హార్డ్‌విక్ చట్టం దొంగచాటు పెళ్లిళ్లను ఆపడానికి పుట్టింది. మూడు ఆదివారాలు చర్చిలో చాటింపు వేయాలి, లేదా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. వధూవరులు, సాక్షులు సంతకాలు చేయాలి. క్వేకర్లు, యూదులు మినహా అందరూ చర్చిలోనే పెళ్లాడాలి. ఆ చాటింపు పుస్తకంలో వధువు ఏ ఊరిదో దొరుకుతుంది. 1783లో రిజిస్టరులోని ప్రతి నమోదుకూ 3 పెన్నీల సుంకం వేశారు, పేదలకు మినహాయింపు ఇచ్చారు. దాంతో కొన్ని ఊళ్లలో ఉన్నట్టుండి పేదలు ఎక్కువైపోయారు. 1794లో ఆ సుంకం ఎత్తేశాక ఆ పేదరికమూ తగ్గింది. ఆ పదేళ్లలో పేరు పక్కన పేద అని ఉంటే అక్షరాలా నమ్మకండి. 1813 నుంచి అచ్చు వేసిన గడుల పుస్తకాలు వచ్చాయి. బాప్తిస్మంలో తల్లి పేరు, తండ్రి వృత్తి, ఉండే చోటు; సమాధిలో వయసు తప్పనిసరి అయ్యాయి. 1837 జూలై 1 నుంచి జనన మరణాల నమోదును ప్రభుత్వమే చేపట్టింది.

1841 జనగణన మొదటిసారి ఇంటింటి పేర్లనూ మిగిల్చింది. అందులో 15 ఏళ్లు దాటినవారి వయసును అయిదు గుణిజానికి దించి రాయమన్నారు. 44 ఏళ్లవాడు 40 అవుతాడు. 1851లోనే అసలు వయసు, పుట్టిన పారిష్, ఇంటి యజమానితో బంధుత్వం అడిగారు. అందుకే వెతుకులాట ఎప్పుడూ ఇటునుంచి అటు సాగాలి. తెలిసిన తాతతో మొదలుపెట్టి, జనగణనలో ఆయన పుట్టిన ఊరు పట్టుకుని, ఆ ఊరి రిజిస్టరులోకి దిగాలి. ఎవరో ప్రసిద్ధుడిని ముందే పూర్వీకుడిగా అనుకుని అక్కడి నుంచి కిందికి వస్తే దారి తప్పడం ఖాయం.

చర్చి పెట్టెలో రిజిస్టరు కంటే విలువైనవి ఇంకొన్ని కాగితాలు ఉండేవి. పేదల గురించి రాసిన కాగితాలు. 1601 చట్టం ప్రకారం ఏ పారిష్ పేదలను ఆ పారిష్ పోషించాలి. ఊళ్లో ఇళ్లూ పొలాలూ ఉన్నవారి మీద పన్ను వేసి, ఓవర్సీరు అనే అధికారి దాన్ని పంచేవాడు. దయగల చట్టమే. అయితే ‘మన పేదవాడు’ ఎవరు? దీన్ని తేల్చడానికి 1662లో మరో చట్టం, ఆ తర్వాత దానికి సవరణలు వచ్చాయి. ప్రతి మనిషికీ చట్టరీత్యా ఒక సొంత పారిష్ ఉంటుంది. అది తండ్రి నుంచి వస్తుంది, ఆడవారికి భర్త నుంచి వస్తుంది. ఏడాదికి 10 పౌండ్ల అద్దె ఇంట్లో ఉన్నా, పని నేర్చుకోవడానికి ఒప్పందం మీద చేరినా, పెళ్లికాని పాలేరుగా ఒకే చోట నిండు సంవత్సరం పనిచేసినా కొత్త ఊరిలో ఆ హక్కు వస్తుంది. ఆ హక్కు రానీయకూడదని కొందరు రైతులు పాలేర్లను యాభై ఒక్క వారాలకే కుదుర్చుకునేవారు.

పరాయి ఊరి మనిషి తమకు భారమవుతాడని అనుమానం వస్తే చాలు, ఓవర్సీరు అతన్ని ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించేవాడు. 1795 వరకు నిజంగా సాయం అడగనవసరం కూడా లేదు, అనుమానం చాలు. అప్పుడు రాసిన వాంగ్మూలం సాధారణంగా ఇలా సాగుతుంది: తాను ఫలానా ఊళ్లో పుట్టానని తల్లిదండ్రులు చెప్పగా విన్నాడు, పన్నెండో ఏట ఫలానా రైతు దగ్గర పనికి కుదిరాడు, అక్కడ ఏడాది నిండేదాకా ఉండి పూర్తి జీతం పుచ్చుకున్నాడు, ఆ తర్వాత ఫలానా చోట వారాల లెక్కన పనిచేశాడు, ఫలానా చర్చిలో పెళ్లి చేసుకున్నాడు, ఇప్పుడు భార్య, ముగ్గురు పిల్లలు, వారి పేర్లు, వయసులు ఇవి. రిజిస్టరు మూడు వరుసల్లో ముగించేసిన జీవితం ఇక్కడ ఒక నిండు పుటగా నిలుస్తుంది. వీలునామా రాయనివాడు, పొలం లేనివాడు, సమాధిరాయి పెట్టించుకోలేనివాడు తన కథ చెప్పుకున్న ఒకే ఒక్క రోజు, ఊళ్లోంచి వెళ్లగొట్టబోతున్న రోజు. ఈ కాగితాలు చదివేటప్పుడు నాకు కృతజ్ఞతా, కోపమూ ఒకేసారి కలుగుతాయి.

పెళ్లికాని తల్లుల విషయంలో ఇది ఇంకా కఠినం. అలాంటి బిడ్డకు పుట్టిన ఊరే సొంత ఊరు అయ్యేది. అందుకని నెలలు నిండిన స్త్రీని హద్దు దాటించి పక్క పారిష్‌లోకి పంపిన ఘటనలున్నాయి. బాప్తిస్మం రిజిస్టరులో ఆ బిడ్డకు తల్లి పేరొక్కటే రాసేవారు. కొందరు పాదిరులు లాటిన్‌లో ‘ఫీలియస్ పాపులి’ అని రాశారు. లోకుల కొడుకు అని అర్థం. వంశవృక్షంలో ఆ కొమ్మ అక్కడితో ఆగిపోయిందనుకుంటాం. కానీ ఓవర్సీరు ఊరుకోడు. బిడ్డ ఖర్చు ఊరి మీద పడకుండా తండ్రి ఎవరో తల్లిచేత చెప్పించి, అతనిచేత పూచీకత్తు రాయించుకునేవాడు. చర్చి పుస్తకం దాచిన తండ్రి పేరు పెట్టెలోని ఆ బాండులో బయటపడుతుంది. 1834 తర్వాత కొన్ని పారిష్‌లను కలిపి యూనియన్లుగా చేసి, పేదలను, పని చేయించుకుని ఆశ్రయమిచ్చే వర్క్‌హౌసులకు తరలించడంతో ఈ కాగితాల కథ ఊరు దాటింది. 1978 నియమాల తర్వాత పాత పుస్తకాలు కూడా చర్చి వదిలి కౌంటీ రికార్డు కార్యాలయాలకు చేరాయి. ఇప్పుడు చాలా చర్చిల్లో పెట్టె ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

బాప్తిస్మం ఉండి పెళ్లి గానీ సమాధి గానీ లేనివారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎక్కువమంది పక్క ఊరికో పట్నానికో వెళ్లినవారే. కొందరు మాత్రం ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మన తీరానికి వచ్చారు. మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లోని సెయింట్ మేరీ చర్చిలో 1680 నుంచి రిజిస్టర్లు ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి ఏటా లండన్‌కు పంపిన నకళ్లు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని ఏదో పల్లెలో సగంలో తెగిన వరుస మచిలీపట్నం, విశాఖపట్నం వంటి చోట్ల రాసిన సమాధి వివరంతో పూర్తయ్యే అవకాశం ఉంది. అందుకని తమ ఊరి పెట్టెతో వెతుకులాట ఆపకూడదు.

మరి ఆ నలుగురు జాన్‌లలో ఎవరు ఎవరో ఏదీ తేల్చనప్పుడు? 1754 తర్వాత పెళ్లాడినవారైతే ఇంకో ఆధారం ఉంది. పెళ్లి రిజిస్టరులో చేసిన సంతకాన్ని, ఓవర్సీరు దగ్గరి వాంగ్మూలం కింద ఉన్న సంతకాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. జాన్ పేరులోని మొదటి ఇంగ్లిష్ అక్షరం తోక ఎటు తిరిగిందో, ఇంటిపేరు చివర కలం ఎక్కడ నొక్కిందో పోల్చాలి. చదువురానివారు అడ్డగీతల గుర్తు పెట్టేవారు, పేరు మాత్రం పాదిరి దాని చుట్టూ రాసేవాడు. ఆ గుర్తులూ అన్నీ ఒక్కలా ఉండవు. ఒకామెది నిటారుగా, ఇంకొకామెది పక్కకు వాలి, మరొకామెది సిరా చిమ్మి, గీత మధ్యలో వణికి కనిపిస్తుంది. ఆ పుట మీద పాదిరి చేయి కాక ఆమె చేయి తాకిన చోటు అంతే, వేలి గోరంత.